రసాయనవిద్య - చిన్న కళాశాలలు - మన విద్యానిధి

(వార్షికమహాసభలో విద్యావిషయిక సమావేశమున చదువబడిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమును గూర్చి ప్రసంగింపుడని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. మేము వక్తలము కాము. రసాయనశాస్త్రమును బోధించుటయే వృత్తిగా కాలము గడపినవారము. కావున వాగ్వైభవమునకు పూనుకొనక, మాకు తెలిసిన యొక విషయమును, అనగా అమెరికాదేశమందలి చిన్న కళాశాలలలో విద్యార్థులు రసాయనశాస్త్రము నేర్చుకొను విధమును, దానికిని మన విద్యానిధికిని గల సంబంధమును మాత్రమే మనవి చేసెదము. అంతకు ముందు ఒక తప్పు ఒప్పుకొనవలసియున్నది.

నిరుడు మన విద్యానిధి ఉపసంఘము నెదుటికి ఒక బాలిక వచ్చినది. తండ్రి స్వర్ణకారుడు. యంత్రములపై తయారైన నగలు అంగడులను నింపినప్పటినుండి ఆయన కుంపటి వారమునకు రెండుమూడు దినములు మాత్రమే రాజుచున్నది. ఆ బాలిక ఇంటర్మీడియేటు పరీక్షయందు చక్కగా ఉత్తీర్ణురాలై, అమెరికాలోని యొక చిన్న కళాశాలలో ప్రవేశము సంపాదించుకొనినది. చదువునకును, భోజనవసతులకును అగు వ్యయములో అధికభాగమును కళాశాలవారే భరించుటకు అంగీకరించిరి. మిగిలిన భాగమునకును, ప్రయాణవ్యయమునకును ఆమె మన నిధిని అర్థించినది.

“ఏమి చదివెదవమ్మా?” అని అడిగితిమి. “రసాయనశాస్త్రమండీ” అనెను. “ఇంజనీరింగు కాదా?” “కాదండీ.” “ఏల?” అనగా ఆమె చెప్పిన సమాధానము మా చెవులలో నేటికిని మ్రోగుచున్నది. “మా నాన్నగారు బంగారమును శుద్ధిచేయునపుడు నత్రికామ్లము వెండిని కరగించి బంగారమును విడిచిపెట్టును. ఏల విడిచిపెట్టునని చిన్ననాడు అడిగితిని. పెద్దలు అట్లు చేయుచువచ్చిరి, కారణము నాకు తెలియదమ్మా అని నాన్నగారనిరి. ఆ కారణము తెలిసికొనవలెనని యున్నదండీ.”

మన నిబంధనలలో వైద్యము, ఇంజనీరింగు, తత్సమానములైన వృత్తివిద్యలు అని మాత్రమే యున్నది. దరఖాస్తు త్రోసివేయబడినది. త్రోసివేయుటకు చేతులెత్తినవారిలో మేమును ఉంటిమి. జీవితమంతయు రసాయనశాస్త్రముచేతనే అన్నము తినిన మేము ఆ బాలికకు మద్దతుగా ఒక్క మాటయైన పలుకకపోతిమి. నిబంధన అడ్డమని మనస్సును సమాధానపరచుకొంటిమి. కాని నిబంధనలు మనము వ్రాసికొన్నవే గదా!

ఆ కళాశాలవారు దయతలచి ఆమెకు ఒక సంవత్సరము గడువిచ్చిరి. ఈ వేసవితో ఆ గడువు తీరును. ఆమె మరల దరఖాస్తు పంపినది. రేపటి కార్యనిర్వాహకవర్గమున అది చర్చకు రానున్నది. అందుచేతనే ఈ యుపన్యాసము.

మొట్టమొదట ఆమె ప్రశ్నకు సమాధానము చెప్పుదము. నత్రికామ్లము లోహపరమాణువులనుండి ఎలక్ట్రానులను లాగుకొనును. వెండియు, రాగియు వానిని సులభముగా వదలుకొని ఆమ్లమున కరగిపోవును. బంగారము గట్టిగా పట్టుకొనియుండును, కావున మిగిలిపోవును. లవణామ్లమును గూడ కలిపి రాజద్రవము చేసినచో, అందలి క్లోరైడులు బంగారపు అయానులను చుట్టుకొని ద్రావణములో నిలుపును. అప్పుడు బంగారమును లొంగును. శుద్ధిచేయుటకు ముందు బంగారమునకు ఇంచుమించు మూడురెట్లు వెండి చేర్చి కరగించు ఆచారము కలదు. వెండి తక్కువైనచో బంగారము దానిని కప్పివేసి ఆమ్లమును లోనికి పోనీయదు. మన మూస, ఊదుగొట్టము, ఒరగల్లు, మలినములను తనలో కరగించుకొను వెలిగారము, ఇవన్నియు రసాయనసాధనములే. మన విశ్వకర్మ సంతతివారు చేతితో ఎఱిగినదానిని బుద్ధితో ఎఱుగవలెనని ఆ బాలిక కోరినది. ఇది కులవృత్తిని విడిచిపోవుట కాదు. దాని వేరును వెదకుట.

ఇక ఆమె చేరదలచిన కళాశాలల సంగతి. అమెరికాలో వీనిని లిబరల్ ఆర్ట్సు కళాశాలలందురు. విలియమ్సు 1793లోను, ఆమ్హర్స్టు 1821లోను, ఓబర్లిను 1833లోను, గ్రిన్నెల్ 1846లోను, పొమోనా 1887లోను, రీడ్ 1908లోను స్థాపితములు. వీనిలో పెక్కింట విద్యార్థులు వేయి మొదలు మూడువేలవరకు మాత్రమే యుందురు. “ఆర్ట్సు కళాశాలలో రసాయనశాస్త్రమేమి?” అని మన ఉపసంఘములో ఒకరు నవ్విరి. ఐరోపాలో పూర్వము లిబరల్ ఆర్ట్సు అనబడిన విద్యలు ఏడు: వ్యాకరణము, తర్కము, వక్తృత్వము, అంకగణితము, జ్యామితి, సంగీతము, ఖగోళము. అందు గణితమును, ఖగోళమును ఉన్నవి గదా! మన దేశమున వాత్స్యాయనుడు పరిగణించిన చతుష్షష్టికళలలో రూప్యరత్నపరీక్షయు, ధాతువాదమును చేరియున్నవి. కళయనగా విజ్ఞానమునకు శత్రువని మన పూర్వులును తలపలేదు, వారి పూర్వులును తలపలేదు.

అచ్చట చదువు నాలుగేండ్లు. చేరిన దినముననే విషయమును నిర్ణయించుకొనవలసిన అగత్యము లేదు. రెండవ సంవత్సరము చివరకు ప్రధానవిషయమును ప్రకటించుట వాడుక. అంతవరకు చరిత్రయో, తత్త్వశాస్త్రమో, ఒక పరభాషయో, సంగీతమో, విజ్ఞానశాస్త్రములతో కలిపి చదువుదురు. వ్యాసరచన అందఱికిని అలవడును. రసాయనశాస్త్రమును ఎన్నుకొనినవారు మొదట సామాన్యరసాయనమును, పిమ్మట ఒక యేడు కర్బనరసాయనమును, ఆపైన విశ్లేషణరసాయనము, అకర్బనరసాయనము, జీవరసాయనము మున్నగువానిని చదువుదురు. భౌతికరసాయనమునకు ముందు కలనగణితమును, భౌతికశాస్త్రమును ముగించియుండవలెను. ఇట్టి పాఠ్యక్రమములను పరిశీలించి ఆమోదించుటకు అమెరికను కెమికల్ సొసైటీవారు 1936లో ఒక సంఘము నేర్పరచిరి. చిన్న కళాశాలలును, మహావిశ్వవిద్యాలయములును ఆ యొక్క కొలతచేతనే కొలువబడుచున్నవి.

అయినను చదువు పుస్తకమునందుకంటె ప్రయోగశాలయందు ఎక్కువ. వారమున ఒక మధ్యాహ్నము మూడునాలుగు గంటలు చేతులతో పనిచేయవలెను. పుటలకు అంకెలు వేసిన బైండుపుస్తకమున సిరాతో వ్రాయవలెను. తప్పు వ్రాసినచో చెరపివేయరాదు, ఒక గీత గీచి ప్రక్కన ఒప్పు వ్రాయవలెను. నూటికి ఎనుబదివంతులు రావలసిన పదార్థము మొదటిసారి ముప్పదివంతులే వచ్చును. ఏల తగ్గినదని గురువు అడుగును. వడపోతలో పోయినదా, వేడి మించినదా, తడి మిగిలినదా అని విద్యార్థి తనంతట తాను వెదకుకొనవలెను. ఈ వెదకుటయే విద్య. మన ప్రాంతమున పెక్కు జూనియరు కళాశాలలలో ప్రవేశపరీక్షకొఱకు నాలుగు సమాధానములలో నొకదానిని గుఱుతించుట మాత్రమే నేర్పి, పరీక్షకు వారము ముందు ప్రయోగశాల తాళము తీయుట మనమందఱము ఎఱిగినదే. బ్యూరెట్టు పట్టుకొనక రసాయనశాస్త్రమున నూటికి నూరు మార్కులు తెచ్చుకొనిన బాలురను మేము చూచితిమి. అది వారి దోషము కాదు.

చిన్న కళాశాలకు మఱియొక విశేషము కలదు. మహావిశ్వవిద్యాలయములందు ఆచార్యుని పరిశోధనలో సహాయము చేయువారు డాక్టరేటు విద్యార్థులు. చిన్న కళాశాలలో సాధారణముగా వారుండరు. కావున ఆచార్యునకు పరిశోధన చేయవలెనని యున్నచో, పందొమ్మిది యిరువది యేండ్ల విద్యార్థినే ప్రక్కన నిలుపుకొనవలెను. వేసవి సెలవులలో పదివారములు భృతి యిచ్చి పనిచేయించుకొను వాడుక పెక్కుచోట్ల కలదు. రీడ్ కళాశాలలో ప్రతి విద్యార్థియు చివరి సంవత్సరమున ఒక పరిశోధనగ్రంథము వ్రాయకతప్పదు. 1968లో నెలకొల్పబడిన అచ్చటి చిన్న పరమాణు రియాక్టరును ప్రధానముగా నడపువారు పట్టము పుచ్చుకొనని విద్యార్థులే.

ఇట్టి విద్యకు ఫలమేమని అడుగుదురు. రెండు చరిత్రములు చెప్పెదము.

ఒకటి మన వంటయిండ్లకు సంబంధించినది. మనము సత్తుపాత్రలనుచున్న అల్యూమినియపు పాత్రలను ఎఱుగనివారు లేరు. ఆ లోహము ఒకప్పుడు వెండివలె అపురూపము. 1884లో వాషింగ్టను స్మారకస్తంభపు కొనకు నూఱు ఔన్సుల అల్యూమినియపు ముక్కను తొడిగిరి. ఆ కాలమున ఓబర్లిను కళాశాలలో ఫ్రాంకు జ్యూయెట్ అను నాచార్యుడు, ఈ లోహమును చౌకగా తీయు విధానమును కనిపెట్టినవాడు లోకమునకు ఉపకారియు, తాను ధనికుడును అగునని విద్యార్థులకు చెప్పెను. విన్నవారిలో చార్లెస్ మార్టిన్ హాల్ అను యువకుడొకడు. 1885లో పట్టము పుచ్చుకొని, తమ యింటి కొట్టములో తానే కూర్చుకొనిన విద్యుద్ఘటములతోను, ఆచార్యుడు ఎరువిచ్చిన సామగ్రితోను ప్రయోగములు సాగించెను. అల్యూమినియపు ఆక్సైడు కరగవలెనన్న రెండువేల డిగ్రీలకు పైబడిన వేడి కావలెను. హాల్ దానిని కరగిన క్రయొలైటు అను ఖనిజమునందు ద్రవింపజేసి, ఇంచుమించు వేయి డిగ్రీలలోనే పని జరుగునని కనుగొనెను. కాని విద్యుత్తు పంపినపుడు మొదట లోహము రాలేదు. కారణమేమి? మట్టిమూసలోని సిలికా కరగి ద్రవములో కలియుచుండెను. మూసకు లోపల బొగ్గుపూత వేసి మరల ప్రయత్నింపగా, 1886 ఫిబ్రవరి 23వ తేదీన చిన్నచిన్న వెండివన్నె గుండ్లు కానవచ్చెను. అప్పటికి అతని వయస్సు ఇరువదిరెండేండ్లు. స్వర్ణకార సోదరులారా! దోషము లోహమున లేదు, మూసలో నున్నదని గ్రహించుట మీకు ఎంత పరిచితమైన సంగతి!

అదే సంవత్సరమున ఫ్రాన్సుదేశమున పాల్ హెరూల్ అను సమవయస్కుడు అదే విధానమును వేఱుగా కనిపెట్టెను. అమెరికాలో హక్కు ఎవరిదను వివాదము వచ్చినపుడు హాల్‌ను కాపాడినవి తేదీ వేసిన జాబులును, ఇంటివారి సాక్ష్యమును. ఆ సాక్షులలో ముఖ్యురాలు అతని యక్క జూలియా. ఆమెయు ఓబర్లినులోనే రసాయనశాస్త్రము చదివిన పట్టభద్రురాలు; ప్రయోగములను దగ్గఱనుండి చూచి ఎఱిగినది. ఆమె చదువుకొనకుండినచో తాను చూచినది ఏమో ఆమెకే తెలియకుండెడిది. ఓబర్లినులో 1841లోనే ముగ్గురు స్త్రీలు పట్టము పుచ్చుకొనిరి. నల్లజాతివారికి 1835 మొదలు ప్రవేశము కలిగెను. హాల్ 1889లో పేటెంటు పొందెను. పదేండ్లు తిరుగకముందే అల్యూమినియము పౌనొక్కింటికి ఒక డాలరుకన్న తక్కువకు దిగెను. 1898లో మదరాసు కళాపాఠశాలయందు ఆల్ఫ్రెడ్ చాటర్టను దొర ఆ లోహముతో పాత్రలు చేయించుట ప్రారంభించెను. ఒక చిన్న కళాశాల తరగతిగదిలో పలుకబడిన మాట కొన్నియేండ్లలోనే మన చెన్నపట్టణపు సుత్తిక్రిందికి వచ్చినది! హాల్ 1914లో మరణించునపుడు తన యాస్తిలో గొప్పభాగమును తన కళాశాలకును, ఆసియాఖండమందలి విద్యాభివృద్ధికిని వ్రాసియిచ్చెను. పోషకమహాశయులు దీనిని చిత్తగింతురుగాక.

రెండవ చరిత్రము పెర్సీ జూలియన్ గారిది. ఆయన 1899లో అలబామా రాష్ట్రమున జన్మించిన నల్లజాతివాడు. తాత బానిసత్వమును అనుభవించినవాడు. 1916లో ఇండియానా రాష్ట్రపు డిపా కళాశాలలో చేరెను. అచ్చటి వసతిగృహములలో ఆయన జాతివారికి చోటు లేదు. మఱొక విద్యార్థిగృహమున అన్నము వడ్డించుచు, పొయ్యి మండించుచు, అటకపై పండుకొని చదివెను. పూర్వవిద్య చాలనందున ఉన్నతపాఠశాల పాఠములను గూడ వెంటనే చదువుకొనవలసివచ్చెను. అయినను 1920లో తరగతిలో ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యెను. పిమ్మట హార్వర్డులోను, వియన్నాలోను చదివి, ఆ చిన్న కళాశాలకే తిరిగివచ్చి, పట్టభద్రులు కాని విద్యార్థులను వెంటబెట్టుకొని, జోసెఫ్ పిక్ల్ అను మిత్రునితో కలిసి, గ్లకోమా అను నేత్రరోగమునకు ఔషధమైన ఫైసోస్టిగ్మిను అను పదార్థమును 1935లో ప్రయోగశాలలో సంపూర్ణముగా నిర్మించెను. ఆ మార్గమునే వెదకుచుండిన ఆక్సుఫర్డులోని మహాపండితుడు రాబర్టు రాబిన్సను ప్రకటించిన దానికిని, జూలియన్ చేసిన దానికిని పొత్తు కుదరలేదు. ఎవరిది ఒప్పు? ద్రవీభవనోష్ణము తేల్చినది. జూలియన్ మాటయే నిజమైనది. ఒక డిగ్రీకొలత ముందు ప్రభువు లేడు, దాసుడు లేడు.

అయినను జాతివివక్షచే ఆ కళాశాల ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి నీయలేదు. ఆయన 1936లో పరిశ్రమకు పోయి సోయాచిక్కుడునుండి హార్మోనులు తీయు మార్గములను కనిపెట్టి కీర్తిమంతుడయ్యెను. 1980లో ఆ కళాశాల విజ్ఞానభవనమునకు ఆయన పేరు పెట్టబడినది. తలుపు తెఱచిన సంస్థయే మఱొక తలుపు మూయగలదని ఈ చరిత్రము నేర్పుచున్నది. మన విద్యానిధియు తలుపులు గల యొక సంస్థయే.

ఇవి పాతకథలని అనువారికి ఒక్క మాట. 1989లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము నందుకొనినవారిలో ఒకరైన థామస్ చెక్ గ్రిన్నెల్ కళాశాల పట్టభద్రుడు. 2020లో అదే బహుమానమును అందుకొనినవారిలో ఒకరైన జెన్నిఫర్ డౌడ్నా 1985లో పొమోనా కళాశాలలో రసాయనశాస్త్రమున పట్టము పుచ్చుకొనినది. తరువాత కొంతకాలము చెక్ గారి యొద్దనే పరిశోధన చేసినది.

ఇక ఆక్షేపణలు. వానిని దాచుట మాకు ధర్మము కాదు.

ఈ కళాశాలల పేర్లు మన యూళ్లలో ఎవరికిని తెలియవు, నిజమే. ఆచార్యులు కొలదిమంది కాన ప్రౌఢపాఠములు కొన్ని ఏటేట చెప్పబడవు. విలువైన పరికరములు మహావిశ్వవిద్యాలయములంత యుండవు. పట్టము మాత్రముతో లభించు నుద్యోగములు స్వల్పములు. నిజమైన ఫలము ఐదాఱేండ్ల డాక్టరేటు పిమ్మటనే. కాని ఆ ఐదాఱేండ్లకు ఎవరు పెట్టుబడి పెట్టుదురని మన ఉపసంఘము భయపడినది గదా; ఆ భయము చాలవఱకు నిరాధారము. అమెరికాలో రసాయనశాస్త్రమున డాక్టరేటునకు చేర్చుకొనిన విద్యార్థికి, బోధనలోనో పరిశోధనలోనో చేయు పనికి ప్రతిఫలముగా, జీతము మాఫీచేసి నెలనెలకు భృతి యిచ్చుట సాధారణమైన ఆచారము. నిధికి భారము మొదటి నాలుగేండ్లకే.

ఆ నాలుగేండ్ల భారము మాత్రము చిన్నది కాదు. పూర్తివ్యయము ఏటికి ఎనుబదివేల డాలరులకు మించిన కళాశాలలు కలవు. కళాశాలయే అధికభాగమును భరించినచోట తప్ప మన బిడ్డలను పంపరాదని మా దృఢాభిప్రాయము. ఇల్లు తాకట్టు పెట్టి పంపుమని మేము ఎన్నడును చెప్పము. ప్రవేశము దొరకినను వీసా దొరకునను నిశ్చయము లేదు. ఆ సంగతియు తలిదండ్రులకు ముందే తెలియజెప్పవలెను. ఆడుబిడ్డ ఒంటరిగా అంతదూరము పోవుటయా అని కొందఱు శంకించిరి. మన యిండ్లలోని కుమారులను కంప్యూటరు విద్యకు పంపునపుడు ఈ శంక మనకు కలుగలేదు.

అందఱును అచ్చటికే పోవలెనని మా వాదము కాదు. 1885లో అమెరికా లూథరను మిషనువారిచే గుంటూరున స్థాపితమైన ఆంధ్ర క్రైస్తవకళాశాల వంటి మన పాతకళాశాలలలో బి.ఎస్సీ. విద్యార్థియు తెనుగును, ఆంగ్లమును విజ్ఞానశాస్త్రములతో కలిపి చదివినవాడే. ఆ సంప్రదాయము మనకు క్రొత్తది కాదు. మనము దానిని తక్కువచూపు చూచితిమి. 2018లో శ్రీసిటీయందు నెలకొనిన క్రియా విశ్వవిద్యాలయము వంటివి విజ్ఞానశాస్త్రములను మానవశాస్త్రములతో కలిపి నేర్పుచున్నవి. ఎచ్చట చదివినను మూలవిజ్ఞానమును కోరిన విద్యార్థిని మనము త్రోసివేయరాదు.

కాబట్టి మూడు మనవులు. మొదటిది, నిధి నిబంధనలలో వృత్తివిద్యలనుదాని ప్రక్కన మూలవిజ్ఞానశాస్త్రములు అను నొక్క మాట చేర్చవలెను. రెండవది, విదేశవిద్యకిచ్చు సహాయము దానముగా గాక వడ్డీలేని ఋణముగా నుండవలెను; తీర్చిన సొమ్ము తరువాతి విద్యార్థికి చేరవలెను. మూడవది, మన విద్యార్థివసతిగృహమున ఒక గదిని ప్రయోగశాలగా ఏర్పఱచి, మంచి త్రాసు, బ్యూరెట్లు, ఉష్ణమాపకములు సమకూర్చవలెను. సెలవుదినములలో మన వృద్ధ స్వర్ణకారులును, కంచరులును అచ్చటికి వచ్చి తమ పనితనమును పిల్లలకు చూపవలెను. చేయి నేర్చినవారును, పుస్తకము చదివినవారును ఒక్క బల్లయొద్ద కూర్చుండుట మన కులమున జరుగవలసియుండి జరుగని పని.

ఆ బాలిక తండ్రి ఈ సభలోనే యెచ్చటనో కూర్చుండియున్నారని వింటిమి. “కారణము నాకు తెలియదమ్మా” అని బిడ్డతో నిజము పలికిన ఆయనను మేము గౌరవించుచున్నాము. తెలియదని చెప్పగలవాని యింటనే తెలిసికొనవలెనను కోరిక పుట్టును. నిరుడు మేము ఎత్తిన చేయి తప్పుగా ఎత్తబడినది. రేపు సరిగా ఎత్తెదము. మీరును మాతో ఎత్తుదురని నమ్ముచున్నాము.